హ్యాంగ్ అయిన ప్రతిసారీ ఫార్మాట్ ఎందుకు?

(అనంతపురంలో డీటీపీ కేంద్రాలు, ఫోటో స్టూడియోలు, ఇంటర్నెట్ కేంద్రాలు నడిపేవాళ్లు కలుసుకున్న సమావేశంలో ఒక కంప్యూటర్ మెకానిక్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఆ ఫ్యాను చప్పుడు కాస్త ఎక్కువగా ఉంది, కానీ ఈ ఎండల్లో దాన్ని ఆపమని అడిగే ధైర్యం నాకు లేదు. నేనే గొంతు పెంచుతాను.

మొదట ఒక ప్రశ్న. మొహమాటపడకుండా చెప్పండి. కంప్యూటర్ హ్యాంగ్ అయింది అనగానే మీలో ఎంతమంది ఫార్మాట్ కొట్టిస్తారు? చేతులెత్తండి. సరే, దించండి. ఎత్తనివాళ్లను లెక్కపెట్టడమే తేలికగా ఉంది! ఫార్మాట్ కొట్టాక బాగుపడిందా అంటే, రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజు మళ్లీ అదే పాట. అప్పుడేం చేస్తారు? ర్యామ్ తీసి, ఎరేజర్‌తో రుద్ది, మళ్లీ పెడతారు. ఇంకో రెండు రోజులు. ఆ తర్వాత నా దుకాణానికి వస్తారు, "అన్నా, ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోంది" అంటూ.

ఈ రోజు నేను మాట్లాడేది పదేళ్లు వాడి అరిగిపోయిన కంప్యూటర్ గురించి కాదు. అది నెమ్మదిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. డబ్బులు పోసి కొత్త మదర్‌బోర్డు, కొత్త ప్రాసెసర్, కొత్త ర్యామ్ వేయించాక, వారం తిరగకముందే కొయ్యబారిపోయే కంప్యూటర్ గురించి. ఈ మధ్య ఇవే ఎక్కువగా వస్తున్నాయి. కారణం మీకు తెలుసు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలి. దాంతో అందరూ ఒక్కసారిగా బోర్డులు మార్చారు. మార్చింది బోర్డు, ప్రాసెసర్, ర్యామ్. మరి మార్చనిది? క్యాబినెట్ పాతదే. లోపలికి కరెంటు అందించే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, పాతదే. హార్డ్‌డిస్క్ పాతదే, దానికి వెళ్లే కేబుల్ కూడా పాతదే. చాలామంది ఇళ్లలో విండోస్ కూడా పాతదే, పాత డిస్కులోంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నది. కొత్త ఎద్దులను తెచ్చి పాత కాడికి కట్టినట్టు! అయినా తప్పు ఎవరి మీద వేస్తారు? కొత్త బోర్డు మీద.

ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోంది అంటారు కదా. ఎప్పుడు పడితే అప్పుడు ఏ యంత్రమూ ఆగదండీ. ఆగినప్పుడు మనం చూడలేదు, అంతే. హ్యాంగ్ అవగానే మన చెయ్యి ఎక్కడికి పోతుంది? సూటిగా పవర్ బటన్ మీదికి. అయిదు సెకన్లు నొక్కి పట్టుకుంటాం, ఆఫ్. ఆ అయిదు సెకన్లలో ఉన్న ఆనవాళ్లన్నీ మన వేలితో మనమే చెరిపేశాం. ఇక మెకానిక్ ఏం చూడాలి?

అందుకని ఈసారి ఆగినప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోండి. ఏం చూడాలో చెబుతాను. కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతోందా? వెలిగి ఆరుతోంది అంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉంది, ఎందుకంటే ఆ దీపాన్ని వెలిగించేది కీబోర్డు కాదు, కంప్యూటరే. దీపం కదలకపోతే మొత్తం ఆగిపోయింది. తర్వాత, మౌస్ బాణం కదులుతోందా? బాణం కదులుతూ, ఏం నొక్కినా పలకకపోతే నా అనుమానం ముందు డిస్కు మీదికి పోతుంది. పాట మోగుతుంటే ఆ పాట ఏమైంది? తెర నల్లబడినా పాట చక్కగా సాగుతుంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి. పాట ఒకే ముక్క దగ్గర ఇరుక్కుని తుమ్మెదలా ఝూమని మోగుతుంటే, ప్రాసెసర్ కొత్త శబ్దం అందించడం మానేసింది, సౌండ్ చిప్పు చేతిలో ఉన్న చివరి ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తోంది అని అర్థం. అది చాలాసార్లు హార్డ్‌వేర్ తగాదా. ర్యామ్, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్, వీటిలో ఏదో ఒకటి.

ఇంకొకటి. తెర మీద కింద కుడివైపు గడియారం ఉంటుంది కదా, దాన్ని చూడండి. మొత్తం ఆగిపోయిన కంప్యూటర్‌లో ఆ గడియారం కూడా ఆగిపోతుంది. ఎప్పుడు ఆగిందో నిమిషంతో సహా అక్కడే రాసి ఉంటుంది. ఇంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఈ గడియారం వల్లనే తేలిన కేసు ఒకటి చెబుతాను. మన ఊళ్లోనే ఒక ఫోటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోలు చేసే స్టూడియో. కొత్త బోర్డు వేయించుకున్నారు. రాత్రంతా వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే తెల్లవారేసరికి పూర్తయిపోతుంది, ఒక్కసారి కూడా ఆగదు. కానీ పగలు ఆల్బమ్ డిజైన్ చేసే అబ్బాయి టీకి వెళ్లి వస్తే చాలు, తెర బిగుసుకుపోయి ఉంటుంది. అప్పటికే ర్యామ్ మార్చారు. ఫార్మాట్ కొట్టారు. గ్రాఫిక్స్ కార్డు మారుద్దామా అని అడుగుతున్నారు. నేను వెళ్లి చూసేసరికి ఆగిపోయి ఉంది. గడియారంలో సమయం చూసి, "ఈ టైముకు నువ్వు ఏం చేస్తున్నావు?" అని అడిగాను. "టీ అంగడి దగ్గర ఉన్నానన్నా" అన్నాడు. ఇంతకుముందు ఆగినప్పుడు? భోజనానికి వెళ్లినప్పుడు. అంతకుముందు? ఎవరో కస్టమర్ వస్తే లేచి మాట్లాడుతున్నప్పుడు. అంటే ఏమిటి? పని చేస్తున్నంతసేపూ బాగుంది, ఖాళీగా ఉన్నప్పుడే ఆగిపోతోంది!

ఇది మనకు తలకిందులుగా అనిపిస్తుంది. బరువు ఎత్తినప్పుడు కదా నడుం పట్టేయాలి? విశ్రాంతిగా కూర్చుంటే పట్టేయడం ఏమిటి? కానీ ఇప్పటి ప్రాసెసర్లు పని లేనప్పుడు ఊరికే కూర్చోవు, నిద్రపోతాయి. ఆ నిద్రలో మెట్లు ఉన్నాయి. లోతైన మెట్టు మీదికి, సీ6 లాంటి దాని మీదికి దిగినప్పుడు ప్రాసెసర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నాకు పడిపోతుంది. పాత తరహా ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నింటికి 12 వోల్టుల వైపు కనీసం కొంత లోడ్ ఉండాలి. లేకపోతే వోల్టేజి అదుపు తప్పుతుంది. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. 2013లో ఇంటెల్ నాలుగో తరం, హ్యాస్‌వెల్ అంటారు, వచ్చినప్పుడే ఈ గొడవ బయటికి వచ్చింది. నిద్రలో 0.05 ఆంపియర్ దాకా కరెంటు పడిపోయినా ఎస్‌ఎంపీఎస్ తట్టుకోవాలి అన్నారు. ఏ మోడళ్లు తట్టుకుంటాయో తయారీదారులు అప్పట్లో జాబితాలు ఇచ్చుకున్నారు. మరి మనం ఏం చేస్తున్నాం? అంతకుముందు కొన్న ఎస్‌ఎంపీఎస్‌ను తీసుకొచ్చి ఇప్పటి బోర్డుకు తగిలిస్తున్నాం.

ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లు వేసే బోర్డుల్లో చాలావాటిలో బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రామ్‌లో, పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్ అని మార్చాలి. అలా మారిస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా కరెంటు మరీ కిందికి పడిపోదు. స్టూడియోలో అదే చేశాను. టీకి వెళ్లి వచ్చినా కంప్యూటర్ నడుస్తూనే ఉంది. ఖర్చు? ఏమీ లేదు. అయితే ఆ సెట్టింగ్‌తో పని ముగిసిందని అనుకోకండి, వీలు చూసుకుని ఎస్‌ఎంపీఎస్ మార్చుకోండి అని కూడా చెప్పాను. మార్చుకున్నారా అని అడగకండి. ముహూర్తాలు అయ్యాక చూద్దాం అన్నారు!

ఎస్‌ఎంపీఎస్ మాట వచ్చింది కాబట్టి కాసేపు ఇక్కడే ఉందాం. దాని మీద స్టిక్కర్ ఉంటుంది, పెద్ద అక్షరాలతో 450 వాట్లు అనో 500 వాట్లు అనో. ఆ పెద్ద అక్షరాలను నమ్మవద్దు. కింద చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి చూడండి. ఎన్ని ఆంపియర్లు? 18 అని ఉందనుకోండి. 18ని 12తో గుణించండి. 216. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది ఆ 12 వోల్టుల గొట్టం నుంచే. అంటే మీ 450 వాట్ల డబ్బాలో నిజంగా పనికొచ్చేది 216 వాట్లు. మిగతాది ఇప్పుడు పెద్దగా ఎవరికీ అక్కర్లేని 5 వోల్టుల్లో, 3.3 వోల్టుల్లో ఉంటుంది. ఇంటికి వెళ్లగానే క్యాబినెట్ పక్క రేకు తీసి ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.

వోల్టేజి సంగతి. బోర్లు నడిచే వేళల్లో మన పల్లెల్లో బల్బులు ఎలా మసకబారతాయో మీకు నేను చెప్పాలా? బల్బు మసకబారినంత మాత్రాన కంప్యూటర్ హ్యాంగ్ అవుతుందని చాలామంది అనుకుంటారు. మెయిన్ కరెంటు పడిపోతే కంప్యూటర్ సాధారణంగా ఆరిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. తెర మీద బొమ్మ అలాగే ఉండి బిగుసుకుపోవడం అంత తరచుగా జరగదు. కాబట్టి మీది ఆరిపోతోందా, బిగుసుకుపోతోందా, ముందు అది తేల్చుకోండి. ఆరిపోతుంటే యూపీఎస్ చూడండి, దాని బ్యాటరీ వయసు చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ మీదే కంప్యూటర్ నడుపుతున్నవాళ్లు ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ మీట ఉంటే అది వేసి ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే సమయాన్ని ఫ్యాను ఓర్చుకుంటుంది, కంప్యూటర్ ఓర్చుకోదు.

ఎర్తింగ్ సరేనా? క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందా? ఎంతమందికి అంటోంది? అమ్మో, ఇంతమందా! టెస్టర్ పెడితే వెలుగుతుంది కూడా, చూసే ఉంటారు. అది ఎస్‌ఎంపీఎస్ పాడైందని కాదు. దాని లోపల చిన్న కెపాసిటర్లు ఉంటాయి, కరెంటులోని గోలను వడకట్టి ఎర్త్‌కు పంపడానికి. ఎర్త్ లేనప్పుడు అది పోయే దారి లేక క్యాబినెట్ మీద నిలబడుతుంది. ఎర్తింగ్ గుంత ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే. మన నేల సంగతి తెలుసు కదా, మే నెల వచ్చేసరికి బండలా అవుతుంది. గుంతలో నీళ్లు పోయించండి. హ్యాంగ్ తగ్గినా తగ్గకపోయినా ప్రాణానికి మంచిది.

ఇక ర్యామ్. అసలు కొత్త కంప్యూటర్ ఆగిపోతోంది అంటే నేను అందరికంటే ముందు ఇక్కడే చూస్తాను. ర్యామ్ కొనేటప్పుడు డబ్బా మీద వేగం రాసి ఉంటుంది. డీడీఆర్4 రకం అయితే 3600 అనో, దాని తర్వాతి తరం డీడీఆర్5 అయితే 6000 అనో. అది ఆ ర్యామ్ మామూలు వేగం కాదు. ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్, ఏఎండీ వాళ్ల కొత్త బోర్డుల్లో ఎక్స్‌పో అంటారు, అది వేస్తే వచ్చే వేగం. వేయకపోతే డీడీఆర్5 చాలావరకు 4800 దగ్గర నడుస్తుంది. ఎక్స్‌ఎంపీ వేస్తే వోల్టేజి కూడా పెరుగుతుంది. డీడీఆర్4కు మామూలుగా 1.2 వోల్టులు, ఎక్స్‌ఎంపీ వేస్తే సాధారణంగా 1.35. ర్యామ్ తట్టుకుంటుంది, సరే. మరి ప్రాసెసర్ తట్టుకుంటుందా? ర్యామ్‌తో మాట్లాడే భాగం ప్రాసెసర్ లోపల ఉంటుంది కదా. ఆ భాగానికి కంపెనీ ఇచ్చిన హామీ వేరు. రైజెన్ 5000 వరసకు ఏఎండీ చెప్పింది డీడీఆర్4 3200 మాత్రమే. రైజెన్ 7000కు డీడీఆర్5 5200, అదీ రెండు ర్యామ్‌లకే. నాలుగు గుచ్చితే 3600కు పడిపోతుంది. ఇది కంపెనీ వాళ్ల కాగితాల్లో ఉన్న మాటే. మనవాళ్లు ఏం చేస్తారు? నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా అని నాలుగూ నింపుతారు. అందులో రెండు కొత్తవి, రెండు పాత కంప్యూటర్‌లోంచి తీసినవి. పైగా ఎక్స్‌ఎంపీ వేస్తారు. అది నడిస్తే ఆశ్చర్యపోవాలి గానీ ఆగితే ఆశ్చర్యం ఎందుకు?

కాబట్టి మొదటి పని ఎక్స్‌ఎంపీ తీసేయండి. తీసేసి మీ పని మీరు చేసుకోండి. ఇంతకుముందు రోజుకు ఒకసారి ఆగేది వారమంతా ఆగలేదంటే దొంగ దొరికినట్టే. వేగం తగ్గుతుందే అంటారా? కార్డులు, పాంప్లెట్లు చేసుకునే డీటీపీ పనిలో ఆ తేడా మీరు కనిపెట్టగలిగితే నాకు చెప్పండి.

రెండు ర్యామ్‌లే ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టండి. నాలుగు స్లాట్లు ఉన్న చాలా బోర్డులకు అదే సరైన జాగా. బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఆ తర్వాత మెమ్‌టెస్ట్86, ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్. ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, విండోస్‌లోకి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ లేపాలి. రాత్రి దుకాణం మూసేటప్పుడు పెట్టి వెళ్లండి. ఉచిత రకంలో నాలుగు విడతలు పరీక్షించి ఆగుతుంది. పొద్దున ఎర్ర గీతలు ఎన్ని ఉండాలి? ఒక్కటి కూడా ఉండకూడదు. "ఒకటే తప్పు వచ్చిందన్నా, ఫరవాలేదా?" అని అడుగుతారు. ర్యామ్ విషయంలో ఒకటి వచ్చినా వచ్చినట్టే. తప్పు వస్తే ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి మళ్లీ పరీక్షించండి, ఏది పాడైందో తెలుస్తుంది. వారంటీలో ఇచ్చేయండి. ఒకవేళ విడివిడిగా రెండూ బాగుండి కలిపితే తప్పులు వస్తుంటే అది జత కుదరక వచ్చిన తంటా, మార్చాల్సింది జతని.

ఎరేజర్ గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ కొందరు ముసిముసిగా నవ్వుతున్నారు. ఏళ్ల తరబడి దుమ్ములో ఉన్న పాత ర్యామ్‌కు ఎరేజర్ పనికొస్తుంది. నిన్న డబ్బా విప్పిన ర్యామ్‌ను ఎందుకండీ రుద్దుతారు? దానికి ఏం మురికి అంటింది? ఆ రబ్బరు పొట్టు స్లాట్‌లో పడితే లేని రోగం తెచ్చుకున్నట్టు.

డీడీఆర్5 బోర్డు మొదటిసారి వేసినప్పుడు తెర నల్లగా ఉండి కొన్ని నిమిషాలు ఏమీ రాకపోవచ్చు. అది చచ్చిపోలేదు. బోర్డు, ర్యామ్ ఒకదానికొకటి కుదురుకుంటున్నాయి. మధ్యలో ఆపేయకండి.

డిస్కుల దగ్గరికి వద్దాం. బాణం కదులుతుంది, ఏదీ తెరుచుకోదు, అర నిమిషం తర్వాత నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఇది ఎవరెవరికి అనుభవం? డీటీపీ వాళ్లందరికీ ఉంటుంది, నాకు తెలుసు. పాత ఫైళ్లన్నీ పాత హార్డ్‌డిస్కులోనే ఉంటాయి కదా. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని చిన్న ప్రోగ్రామ్ ఉంది, వేసుకోండి. అందులో సీ7 అనే వరస, సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క, చూడండి. ఈ రోజు ఎంతో రాసుకోండి, వారం తర్వాత మళ్లీ చూడండి. పెరిగిందా? పెరిగితే డిస్కు పాడైందని బెంబేలు పడకండి, ముందు సాటా కేబుల్, అంటే డిస్కును బోర్డుకు కలిపే కేబుల్, మార్చండి. ఆ లెక్క దారిలో చెడిపోయిన డేటాది, అంటే ఎక్కువసార్లు కేబుల్‌దే. కాసిన్ని డబ్బుల కేబుల్ కోసం డిస్కు పారేసినవాళ్లను చూశాను. అదే 05 వరస, అంటే డిస్కులో పాడైపోయి వేరేవాటితో మార్చిన ముక్కల, సెక్టార్ల లెక్క పెరుగుతుంటే మాత్రం వెంటనే కాపీ తీసుకోండి. కస్టమర్ల పెళ్లి ఫోటోలు పోతే కేబుల్ మారిస్తే తిరిగి రావు.

తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్కులు, ఎస్‌ఎస్‌డీలకు లోపల ఒక ప్రోగ్రామ్ ఉంటుంది, ఫర్మ్‌వేర్ అంటారు. అందులో తప్పు ఉంటే ఎలా ఉంటుందో వినండి. క్రూషియల్ ఎం4 అని ఒక ఎస్‌ఎస్‌డీ ఉండేది. సరిగ్గా 5184 గంటలు నడిచాక అది పలకడం మానేసేది. ఆపి వేస్తే మళ్లీ లేచేది, ఒక గంట నడిచి మళ్లీ ఆగేది. 5184 గంటలంటే రాత్రింబగళ్లు ఆపకుండా నడిపితే 216 రోజులు. ఎవరి బుర్రకైనా తడుతుందా అది? 2012 జనవరిలో కంపెనీ వాళ్లే కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చి సరిచేశారు. ఎంతమంది అప్పటికి ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టుకున్నారో! కాబట్టి ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్, బోర్డు బయోస్, ఈ రెండూ తాజావి ఉన్నాయో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవడం ఫార్మాట్ కంటే ముందు చేయాల్సిన పని.

బయోస్‌కు ఇంకో ఉదాహరణ. కంప్యూటర్ పూర్తిగా ఆగదు, ఒకటి రెండు సెకన్లు తడబడుతుంది, పాట తెగుతుంది, మళ్లీ మామూలే. రైజెన్ కంప్యూటర్లలో ఇది టీపీఎం వల్ల వచ్చేదని 2022 మార్చిలో ఏఎండీ వాళ్లే ఒప్పుకున్నారు. ఏ టీపీఎం? విండోస్ 11 అడిగే ఆ టీపీఎమ్మే! బయోస్ చిప్పుతో అది మాట్లాడేటప్పుడు మొత్తం కాసేపు నిలిచిపోయేది. ఆ ఏడాది మే నుంచి కొత్త బయోస్‌లతో సరిచేశారు. చవగ్గా దొరికిందని పాత స్టాకు బోర్డు కొనుక్కున్నవాళ్లకు ఇప్పటికీ ఆ పాత బయోస్ ఉండవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు గురించి రెండే మాటలు. తెర బిగుసుకుంటే విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బీ, నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒకసారి మిణుక్కుమని వెనక్కి వచ్చిందంటే తగాదా గ్రాఫిక్స్ డ్రైవర్‌తో. కార్డుకు రెండు కరెంటు మూతులు ఉంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరువేరు వైర్లు తెచ్చి ఇవ్వండి. ఒకే వైరుకు ఉన్న రెండు కొసలనూ గుచ్చి సరిపెట్టవద్దు.

వేడి? మన ఊళ్లో అన్ని రోగాలకూ వేడే కారణం అంటారు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరు, కాదనను. కానీ ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, మరీ దాటితే ఆరిపోతుంది. రైజెన్ 7000 వరసలో 95 డిగ్రీలు చూసి భయపడి ఫోన్ చేస్తారు. అవి అంతవరకు వెళ్లేలాగే తయారు చేశారు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించారేమో మాత్రం చూడండి. నవ్వకండి, తెచ్చేవాళ్లు ఉన్నారు.

విండోస్ తనంతట తాను కొన్ని రాసిపెట్టుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అందులో కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనబడుతుంది. దాన్ని చూసి, "పవర్ అని రాసి ఉంది, ఎస్‌ఎంపీఎస్ పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. ఆ మాట రాసింది ఎప్పుడు? హ్యాంగ్ అయినప్పుడు కాదు, మీరు బటన్ నొక్కి ఆపి మళ్లీ వేశాక. "నన్ను సరిగ్గా మూయకుండా ఆపేశారు" అని ఫిర్యాదు చేస్తోంది, అంతకుమించి దానికి ఏమీ తెలియదు. దాన్ని వదిలేసి దానికి ముందు ఏం రాసి ఉందో చూడండి. 129, 153 నంబర్లు ఉంటే డిస్కు వైపు. 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ అని ఉంటే హార్డ్‌వేరే నోరు విప్పిందన్నమాట. 18 అయితే కోలుకోలేని తప్పు, 19 అయితే తప్పు జరిగింది గానీ సర్దుకుంది. ఏమీ లేకపోతే? రాసే వ్యవధి కూడా లేకుండా ఆగిపోయింది. అప్పుడు మళ్లీ ర్యామ్, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ దగ్గరికే రావాలి.

ఇన్ని చెప్పాక ఇదంతా ఒకే మధ్యాహ్నం చేసేయాలని కూర్చోకండి. ఒకసారి ఒక్కటే మార్చండి. ఎక్స్‌ఎంపీ తీసి, కేబుల్ మార్చి, బయోస్ వేసి, అన్నీ కలిపి చేస్తే బాగుపడవచ్చు, కానీ దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదటికే. ఒకటి మార్చండి, కాగితం మీద తేదీ వేసి రాసి క్యాబినెట్‌కు అంటించండి, నాలుగు రోజులు పని చేయండి. పెళ్లిళ్ల సీజన్‌లో ఇంత ఓపిక ఎక్కడిది అంటారు. ఆషాఢం ఉంది కదా! ఆ నెలంతా ఈగలు తోలుకుంటూ కూర్చునే బదులు ఈ పని పెట్టుకోండి.

మరి ఫార్మాట్ ఎప్పుడూ కొట్టకూడదా? కొట్టాలి, ఒక సందర్భంలో. పాత బోర్డు మీద నడిచిన విండోస్‌ను డిస్కుతో సహా తెచ్చి కొత్త బోర్డుకు తగిలించి ఉంటే, పాత డ్రైవర్లన్నీ లోపలే ఉంటాయి. అక్కడ ఫార్మాట్ న్యాయమే. అదీ ర్యామ్ పరీక్ష అయ్యాకే. ర్యామ్‌లో తప్పు పెట్టుకుని విండోస్ వేస్తే ఆ వేసిన విండోస్ కూడా తప్పులతోనే వస్తుంది.

ఇంతవరకు చాలు, ప్రశ్నలు అడగండి.

ఆ చివర అన్న, గట్టిగా అడగండి. ఇంటెల్ పదమూడో తరం, పద్నాలుగో తరం ప్రాసెసర్లు వాటంతటవే పాడవుతాయట, నిజమేనా? కొన్నింటి విషయంలో నిజమే, ఇంటెల్ వాళ్లే చెప్పారు. డెస్క్‌టాప్ రకాల్లో 65 వాట్లు, ఆపైన ఉన్నవాటికి అవసరానికి మించి వోల్టేజి వెళ్లి క్రమంగా దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టులో, సెప్టెంబరులో మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్, దానికి సవరణలు ఇచ్చారు. అవి బయోస్‌తో పాటు వస్తాయి. వారంటీ కూడా మరో రెండేళ్లు పెంచారు. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఆ సవరణ ఇంకా దెబ్బతినకుండా కాపాడేదే గానీ, అప్పటికే దెబ్బతిన్నదాన్ని బాగుచేసేది కాదు. మీది అప్పటికే ఆగిపోతుంటే బిల్లు, డబ్బా తీసుకుని వారంటీకి వెళ్లండి. బిల్లు పారేయలేదు కదా?

అమ్మా, మీరు? బయోస్ అప్‌డేట్ చేస్తుండగా కరెంటు పోతే ఏమిటి గతి? మన ఊళ్లో అడగాల్సిన ప్రశ్నే. బోర్డు వెనక, యూఎస్‌బీ రంధ్రాల పక్కన చిన్న బటన్ ఏదైనా ఉందేమో చూడండి. కొన్ని బోర్డులకు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అనే బటన్ ఉంటుంది. అది ఉంటే బయోస్ సగంలో ఆగిపోయినా పెన్‌డ్రైవ్ గుచ్చి మళ్లీ వేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండాలి, ఫైలు పేరు బోర్డు పుస్తకంలో చెప్పినట్టే ఉండాలి. ఆ బటన్ లేకపోతే బ్యాటరీ బాగున్న యూపీఎస్ మీద పెట్టి, ఉదయం పూట కరెంటు నిలకడగా ఉన్న వేళ చేయండి. యూపీఎస్ కూడా లేదంటే క్యాబినెట్‌ను నా దగ్గరికి తీసుకురండి. మానిటర్, కీబోర్డు తేనక్కర్లేదు, అవి ఇంట్లోనే ఉంచండి.